డీపీఐ జోలికి పోకముందు: స్కేట్లు మార్చిన ఒక మౌస్ రిపేరు

ఈ రిపేరు కోసం కస్టమర్ గట్టుప్పల్ నుంచి నల్లగొండకు రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. రెండోసారి రావాల్సిన పనే లేదు, అది పూర్తిగా నా తొందర వల్ల. ప్రకాశం బజార్ దగ్గర కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే షాపు నాది, పదిహేనేళ్లు దాటింది. మౌస్‌లు కూడా చూస్తాను కానీ మామూలుగా వచ్చే కంప్లైంటు ఒకటే: ఒకసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ అవుతోందని. లోపలి స్విచ్ మార్చి ఇచ్చేస్తే అయిపోతుంది, పావుగంట పని. ఇది అట్లాంటిది కాదు. ఇందులో పాడైన పార్టు ఒక్కటి కూడా లేదు, అయినా మౌస్ పనిచేయడం లేదు.

అతను చీరల డిజైనర్. ఇక్కత్ చీరలకు కంప్యూటర్‌లో గ్రాఫ్ గీసి ఇస్తాడు. మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు కానీ తెలియని వాళ్లకోసం రెండు మాటలు. ఇక్కత్‌లో నేసిన తర్వాత రంగు వేయరు, నేయకముందే దారాలకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కట్టిన చోట రంగు అంటదు. సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా కోసి ఆ ముడులు కడతారు. ఎక్కడ కట్టాలో గ్రాఫ్ చెప్తుంది. గ్రాఫ్‌లో ఒక గడి అంటే మగ్గం మీద ఒక గుత్తి దారాలు. గడి ఒక్కటి పక్కకు జరిగితే ఆ తప్పు ఒక్క చోట ఉండిపోదు, ఆ గుత్తిలో ఉన్న ప్రతి దారానికీ ఎక్కుతుంది, ఆ డిజైన్ చీరలో ఎన్నిసార్లు తిరిగి వస్తే అన్నిసార్లు కనపడుతుంది. అందుకని ఇతనికి మౌస్ అంటే ఆటవస్తువు కాదు. గేమ్స్ ఆడేవాళ్లు వాడే మంచి మౌస్ ఒకటి కొనుక్కున్నాడు, మూడేళ్ల కింద, గడి మీద గురి కుదరాలని.

మొదటిసారి వచ్చినప్పుడు పెళ్లిళ్ల సీజన్. డీటీపీ వాళ్ల ప్రింటర్లు మూడు టేబుల్ మీద విప్పి ఉన్నాయి, ఒక ఫ్లెక్సీ షాపాయన నిలబడి నా నెత్తిమీదే ఉన్నాడు. ఈ తమ్ముడు మౌస్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"అన్నా, కింద అరిగిపోయినయని కొత్తయి తెప్పించి అతికించిన. అప్పటిసంది కర్సర్ నడుమ నడుమ ఆగుతుంది. గీత గీస్తుంటే తెగిపోతుంది. ఇంకోటి, మెల్లగ కూడ పోతుంది."

కింద అరిగిపోయినవి అంటే స్కేట్లు. మౌస్‌ను తిరగేస్తే మూలల్లో తెల్లగానో నల్లగానో నున్నటి ముక్కలు ఉంటాయి చూడండి, అవి. చాలావరకు పీటీఎఫ్ఈ, అంటే మన అట్ల పెనం మీద పూసే టెఫ్లాన్ జాతే. 1938లో అనుకోకుండా దొరికిన పదార్థం, ఘర్షణ చాలా తక్కువ, దేనికీ అంటుకోదు. దేనికీ అంటుకోదు కాబట్టి గమ్ కూడా దానికి పట్టదు, అందుకే స్కేట్ల తయారీలో ఒక పక్కను రసాయనంతో గరుకు చేసి ఆ పక్కకే జిగురు పట్టిస్తారు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఆ రోజు నేను చేసింది ఇది. మౌస్‌ను నా కంప్యూటర్‌కు తగిలించి, నా గుడ్డ ప్యాడ్ మీద తిప్పి చూశాను. అప్పుడప్పుడు ఆగుతోంది, నిజమే. మౌస్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్ 'లో'లో ఉంది. దాన్ని 'హై'కి మార్చాను. మౌస్‌ను టేబుల్ మీద నుంచి ఎంత ఎత్తు లేపితే సెన్సర్ చూడడం మానేయాలి అన్నది ఈ సెట్టింగ్. హై పెట్టగానే ఆగడం పోయింది. మెల్లగా పోతోందన్నాడు కదా అని డీపీఐ, అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే కంప్యూటర్‌కు పంపే లెక్క, 800 నుంచి 850 చేశాను. "అయిపోయింది తమ్మీ" అన్నాను. యాభై రూపాయలు తీసుకున్నాను కూడా. మొత్తం ఐదు నిమిషాలు.

అతను చెప్పిన రెండో మాటలోనే జబ్బు మొత్తం ఉంది. నేను వినలేదు. కొత్త స్కేట్లు వేస్తే చెయ్యికి మౌస్ తేలిక అవుతుంది, జారుడు పెరుగుతుంది. ఎవరైనా "అబ్బా, మస్తు ఫాస్ట్ అయింది" అనాలి. మెల్లగా పోతోంది అంటున్నాడంటే చెయ్యి కదిలిన దూరానికి కర్సర్ ముందుకన్నా తక్కువ కదులుతోందన్నమాట. సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు. మారింది ఒకటే, సెన్సర్‌కూ టేబుల్‌కూ మధ్య ఎత్తు.

రెండు రోజులకు ఫోన్. ఇప్పుడు ఆగడం లేదు కానీ మౌస్‌ను లేపి మళ్లీ పెట్టుకుంటే కర్సర్ ఉన్నచోట ఉండదు, రెండు మూడు గళ్లు పక్కకు జరుగుతుంది, గ్రాఫ్ పెద్దది కాబట్టి పదిసార్లు లేపి పెట్టుకోవాలి, పదిసార్లూ వెతుక్కోవాలి. పైగా ఇంటి దగ్గర ఎడమ పక్కకు లాగినప్పుడు ఇంకా తెగుతూనే ఉంది. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. "వచ్చేటప్పుడు నువ్వు ఇంట్ల మౌస్ కింద ఏం పరుస్తవో అది పట్టుకరా, తీసేసిన పాత స్కేట్లు ఉంటే అవి గూడ తే" అన్నాను. ఈ రెండు మాటలు మొదటి రోజే అనాల్సింది.

వచ్చాడు. మౌస్ కింద పరిచేది తీశాడు, ఫ్లెక్సీ ముక్క. ఏదో బ్యానర్‌ది, పుస్తకం సైజుకు కోసుకున్నాడు, ప్రింటు ఉన్న పక్క పైకి. తళతళ మెరుస్తోంది. నేను నా షాపులో గుడ్డ ప్యాడ్ మీద పరీక్షించి బాగుందన్నాను, అతను గట్టుప్పల్‌లో ఫ్లెక్సీ మీద పని చేస్తున్నాడు. ఇద్దరం ఒకే మౌస్ గురించి మాట్లాడుకోవడం లేదన్నమాట.

ఈసారి షట్టర్ సగం దించి కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ, బజార్లో మనుషులు లేరు, ఫ్లెక్సీ షాపాయన కూడా లేడు. మౌస్ అసలు ఎట్లా చూస్తుంది అన్నా అని అడిగాడు. గ్రాఫ్ మనిషి కదా, అతనికి ఈ ఆసక్తి ఉంటుంది. బాల్ మౌస్ కాలంలో ఈ ప్రశ్నకు మూత విప్పి చూపిస్తే సరిపోయేది, బంతి తిరిగితే లోపలి రోలర్లు తిరుగుతాయి, రోలర్లకు పట్టిన నల్లటి మట్టి గోటితో గీకితే రిపేరు అయిపోయినట్టే. ఇప్పటిది కెమెరా. అడుగున చిన్న రంధ్రం, అందులో ఒక లెన్స్, పైన బొట్టుబిళ్లంత సెన్సర్. ఇతని మౌస్‌లో ఉన్నది పీఎండబ్ల్యూ 3360 అనే సెన్సర్, పిక్స్‌ఆర్ట్ వాళ్లది. అది తీసే ఫోటో 36 చుక్కలు ఇటు, 36 చుక్కలు అటు, అంతే. కానీ సెకనుకు వేల ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ గరుకు ఎటు జరిగిందో పోల్చి చూసి, మౌస్ అంత కదిలిందని కంప్యూటర్‌కు చెప్తుంది.

ఆ గరుకు కనపడేది నీడల వల్ల. లైటు నిట్టనిలువుగా పడదు, ఏటవాలుగా పడుతుంది. ఏటవాలుగా పడితేనే గుడ్డలోని ప్రతి పోగుకూ నీడ వస్తుంది. పానగల్ ఛాయా సోమేశ్వరుడి గుడి చూశావా అని అడిగాను. చూడకుండా ఎట్లుంటడు. అక్కడ లింగం మీద నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది, సూర్యుడు కదిలినా నీడ కదలదు, అదే విచిత్రమని జనం పోతారు. మౌస్‌కు దీనికి తిరగబడ్డ సంగతి. ఇక్కడ దీపం మౌస్‌తోపాటే వస్తుంది, కింద నీడ కదలాలి. కదలని నీడ కనపడితే మౌస్ ఆగిపోయిందనుకుంటుంది. నీడే కనపడకపోతే ఎవరో పైకి లేపారనుకుంటుంది.

ఎత్తు సంగతి ఇక్కడే వస్తుంది. లెన్స్ కింది పక్క నుంచి టేబుల్ దాకా ఈ సెన్సర్‌కు ఉండాల్సిన దూరం 2.4 మిల్లీమీటర్లు. ఒక 0.2 ఇటో అటో అయితే ఓర్చుకుంటుంది, అంటే 2.2 నుంచి 2.6 దాకా. మొత్తం సందు 0.4 మిల్లీమీటర్లు. మనం జిరాక్స్‌కు వాడే 80 జీఎస్ఎం కాగితం ఒకటి సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, అంటే నాలుగు కాగితాలు. అంత సందులో ఈ యంత్రం బతుకుతోంది. ఎత్తు పెరిగితే రెండు జరుగుతాయి. ఒకటి, ఏటవాలు దీపం కాబట్టి వెలుతురు పడే చోటు పక్కకు జరిగి, లెన్స్ చూసే చోటు మసక అవుతుంది. రెండు, వస్తువు దూరమైతే ఫోటోలో చిన్నగా కనపడుతుంది, మన ఫోన్‌లో లాగానే. చిన్నగా కనపడితే అదే కదలిక ఫోటోలో తక్కువ చుక్కలు దాటుతుంది. మౌస్ తక్కువ కదిలిందని లెక్క వేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 800 అని ఉన్నా పని చేసేది 800 కాదు.

ఈ మాట చెప్తే నమ్మాల్సిన అవసరం లేదు, కొలవచ్చు. కొలిచాం. విండోస్‌లో పాయింటర్ స్పీడు సరిగ్గా మధ్య గీత మీద, అంటే పదకొండులో ఆరో దాని మీద పెట్టి, 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రిసిషన్' టిక్ తీసేస్తే మౌస్ పంపే ఒక్కో లెక్కకు కర్సర్ ఒక్కో చుక్క జరుగుతుంది. ఆ టిక్ ఉంటే ఈ పరీక్ష దండగ, చెయ్యి వేగాన్నిబట్టి దూరం మారిపోతుంది. స్క్రీన్ అడ్డంగా 1920 చుక్కలు. డీపీఐ నిజంగా 800 అయితే ఆ చివర నుంచి ఈ చివరకు పోవడానికి మౌస్ 2.4 అంగుళాలు, అంటే 61 మిల్లీమీటర్లు కదలాలి. ప్యాడ్ మీద స్టీలు స్కేలును టేపుతో అతికించి, మౌస్‌ను దానికి ఆనించి, ఐదుసార్లు లాగి సగటు చూశాం. మొదట నేను పెంచిన 850ని మళ్లీ 800కు దించాను, లేకపోతే నా తప్పు కూడా కొలతలో కలుస్తుంది. వచ్చింది 64.5 మిల్లీమీటర్లు. వెనక్కి లెక్క వేస్తే 756. అతని చెయ్యి అబద్ధం చెప్పలేదు.

నేను 850 పెట్టి ఈ లోటును పూడ్చానని ఎవరైనా అనొచ్చు, లెక్క ప్రకారం 850 పెడితే దాదాపు 800 వస్తుంది కూడా. కానీ అది జ్వరం తగ్గలేదని థర్మామీటర్‌ను చల్లటి నీళ్లలో ముంచినట్టు. ఎత్తు అట్లాగే ఉంది, నీడ అట్లాగే మసకగా ఉంది.

ఇప్పుడు ఎత్తు ఎంత పెరిగిందో చూడాలి. పాత స్కేట్లు రెండు కాగితంలో చుట్టి తెచ్చాడు, మంచి పని చేశాడు. డిజిటల్ కాలిపర్‌తో కొలిస్తే నడుమ 0.5, అంచుల్లో 0.42. మూడేళ్ల అరుగుదల. కొత్తవి మౌస్‌కు అంటించే ఉన్నాయి కాబట్టి ప్యాకెట్‌లో మిగిలిన ముక్కను కొలిచాను, 0.8. అంటే ఒక్కసారిగా 0.3 పైనే లేచింది. పైన చెప్పిన సందు గుర్తుంది కదా, మొత్తం 0.4. మధ్యలో నుంచి పైకి ఉన్నది 0.2 మాత్రమే.

ఇంతటితో అయిపోతే మూలమూలకూ ఒకేలా ఉండాలి. ఎడమ పక్కకే ఎందుకు తెగుతోంది? దీనికి నా దగ్గర గాజుపలక ఉంది, ఫోటో ఫ్రేముల షాపులో అడిగి తెచ్చుకున్న ముక్క. దాని మీద మౌస్ పెట్టి ఒక్కో మూల వేలితో నొక్కాను. కాలు కురచైన కుర్చీలా టకటక ఊగింది. ఎడమ వెనక మూల ఎత్తుగా ఉంది, దాని పక్క మూల గాల్లో ఉంది. ఆ గాల్లో ఉన్న మూల కింద కాగితాలు దూర్చి చూస్తే రెండు సులువుగా పోయాయి, మూడోది పట్టుకుంది.

ఎడమ వెనక స్కేటును లేపాను. హెయిర్ డ్రయ్యర్ వేడిని ఒక అర నిమిషం, జానెడు దూరం నుంచి, తర్వాత ప్లాస్టిక్ కార్డు అంచుతో. బ్లేడుతో లేపేవాళ్లున్నారు, వద్దు, గుంట అంచు చెక్కుకుపోతుంది. కింద చూస్తే పాత జిగురు పొర అట్లాగే ఉంది. పాతది పీకినప్పుడు తెల్లటి పైముక్క ఒక్కటే ఊడి వచ్చింది, దాని కిందున్న మెత్తటి జిగురు మందంగా గుంటలోనే ఉండిపోయింది, దాని మీదే కొత్తది అతికించాడు. మిగతా మూడు చోట్ల శుభ్రంగానే ఉంది. మొత్తం ఎత్తు అక్కడ ఒక మిల్లీమీటరు దాటింది. పైగా కొత్త ముక్క గుంటకన్నా వెంట్రుకవాసి వెడల్పు, ఒక అంచు గట్టు మీదికి ఎక్కి కూర్చుంది.

అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. అందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు, నా దగ్గరికి వచ్చే వాళ్లలో స్కేట్ల మీది పారదర్శక పొర కూడా తీయకుండా వాడుతూ జారడం లేదని వచ్చేవాళ్లున్నారు. ఇతను ఆ పొర తీశాడు. ఇంట్లో కూర్చొని ఫోన్ వెలుతురులో చేసుకున్న పనికి ఇది మంచి పనే.

తొలగించిన స్కేట్లు మళ్లీ వాడలేం. పీకినప్పుడు సాగి వంగుతాయి, పైగా ముందే చెప్పాను కదా, గరుకు చేసిన పక్కకే గమ్ పడుతుంది, ఆ పక్కకు మట్టీ జిగురూ పట్టాక కొత్త గమ్ వేసినా రెండో రోజుకు జరిగిపోతుంది. మన నల్లగొండ ఎండల్లో అయితే మధ్యాహ్నానికే. మేలో బండి డిక్కీలో పెట్టిన మౌస్‌కు స్కేటు ఒక వైపు జారి సెన్సర్ రంధ్రం అంచుదాకా వచ్చింది నేను చూశాను. ఆ నాలుగూ తీసేశాం. గుంటలన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఇయర్‌బడ్‌తో తుడిచాను. ఎడమ వెనక గుంటలో జిగురు మొండిగా ఉంటే వేలి చివరతో రుద్ది రుద్ది ఉండలు చేసి తీశాను, పావుగంట పట్టింది. సెన్సర్ రంధ్రంలోకి తడి పోకుండా దాని మీద కాగితపు టేపు ముక్క అతికించుకోవాలి. లెన్స్‌ను బడ్‌తో రుద్దకూడదు, ఊదే బల్బుతో దుమ్ము ఊదితే చాలు.

ఆ మౌస్ మోడల్‌కు కోసిన స్కేట్లు నా దగ్గర లేవు. గుండ్రటి బిళ్లలు ఉన్నాయి, 0.6 మందం, ఏ మౌస్‌కైనా వేసేవి. గుంటలకు లోపలే, అంచుకు తగలకుండా నాలుగు మూలలా పెట్టి బొటనవేలితో ఒక్కోటి ఇరవై లెక్కపెట్టేదాకా నొక్కాను. బిళ్లలతో ఒక గొడవ ఉంది, చెప్పాలి. చిన్నవి కాబట్టి మెత్తటి గుడ్డ ప్యాడ్‌లోకి కొంచెం దిగబడతాయి, గట్టి ప్యాడ్ మీద దిగబడవు. అంటే అవే బిళ్లలతో ప్యాడ్ మారితే ఎత్తు మళ్లీ మారుతుంది. వెడల్పు స్కేట్లకు ఈ తేడా తక్కువ. నాకు బిళ్లలు అంత ఇష్టం ఉండవు, ఆ రోజుకు అవే గతి.

మళ్లీ గాజు మీద పెట్టి మూలలు నొక్కాను, ఊగలేదు. ఒక్క కాగితం కూడా దూరలేదు.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. ఫ్లెక్సీ ముక్క మీద పెట్టి తిప్పితే మెరిసే చోట ఇంకా తడబడుతోంది. అద్దంలా మెరిసే వాటిమీద వెలుతురు ఒక్క వైపే తిరిగి పోతుంది, నీడలు పుట్టవు. గుడ్డ ప్యాడ్ కొనమని చెప్పడానికి మొహమాటపడ్డాను, నా కౌంటర్ వెనకే ప్యాడ్లు వేలాడుతున్నాయి మరి, అమ్ముకోవడానికి చెప్తున్నాననుకుంటాడని. అందుకని రెండింటి మీదా అతని చేతికే ఇచ్చాను, అతని గ్రాఫ్ ఫైలే తెరిచి. ఫ్లెక్సీ మీద పది అడ్డగీతలు గీస్తే రెండు తెగాయి, గుడ్డ మీద ఒక్కటీ తెగలేదు. తనే అడిగి కొనుక్కున్నాడు. ఫ్లెక్సీని తిరగేసి వెనక తెల్లపక్క మీద కూడా చూశాడు, అది ముందు పక్కకన్నా నయమే, కానీ కొత్త స్కేట్లకు బాగా గరగరలాడింది.

ఆ తర్వాతే సెట్టింగ్స్. ఈ వరుస నేను ఇప్పుడు మార్చను, ఎవరు తొందరపెట్టినా.

మొదట సాఫ్ట్‌వేర్‌లో సర్ఫేస్ కాలిబ్రేషన్. పాతది చెరిపేసి, కొత్త గుడ్డ ప్యాడ్ మీద, అతను మామూలుగా పట్టుకునే తీరులో, మెల్లగా గుండ్రంగా, ప్యాడ్ అంతా తగిలేటట్టు తిప్పించాను. ఆ కొన్ని సెకన్లలో సెన్సర్ ఈ గుడ్డ ఎంత గరుకుగా, ఎంత వెలుతురుగా కనపడుతోందో గుర్తుపెట్టుకుంటుంది. పాత కాలిబ్రేషన్ ఫ్లెక్సీ మీద, అరిగిన స్కేట్లతో చేసింది, అది ఉంచుకుంటే ఎదుటివాడి కళ్లజోడు పెట్టుకున్నట్టే. కాలిబ్రేషన్ ఎప్పుడూ స్కేట్లు పూర్తిగా కూర్చున్నాకే, పనిచేసే ప్యాడ్ మీదే. షాపు ప్యాడ్ మీద చేసి ఇస్తే అది షాపుకే పనికొస్తుంది.

తర్వాత లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్‌ను నేను చెడగొట్టిన హై నుంచి మళ్లీ లోకు. సరిపోయిందో లేదో చూడడానికి డీవీడీలు వాడతాను. సీడీ అయినా డీవీడీ అయినా మందం 1.2 మిల్లీమీటర్లు, ఎవరు తయారుచేసినా అంతే. నా షాపులో కాపీ చేయమని ఇచ్చి తీసుకెళ్లని పెళ్లి డీవీడీలు ఒక డబ్బాడు ఉన్నాయి, అందులో ఒకటి ఎప్పుడో మధ్యకు కోసి పెట్టుకున్నాను. సగం ముక్క ముందు స్కేట్ల కింద, సగం ముక్క వెనక స్కేట్ల కింద, నడుమ సందులో సెన్సర్ ప్యాడ్‌ను నేరుగా చూసేటట్టు. అట్లా 1.2 ఎత్తున మౌస్‌ను కదిపి కర్సర్ కదులుతుందా లేదా చూడాలి. హైలో ఉన్నప్పుడు కదిలింది, అందుకే లేపి పెట్టినప్పుడల్లా గళ్లు జరిగాయి. లోలో పెట్టాక కదల్లేదు. కిందికి దించితే వెంటనే అందుకుంది. అంతకుముందు ఇదే లో పెడితే ఆగిపోయేది, ఎందుకంటే ఎడమ మూల లేచి ఉన్న మౌస్‌ను సెన్సర్ ఎవరో లేపుతున్నట్టే లెక్కగట్టేది. సెట్టింగ్ తప్పు కాదు, అది తన పని తాను చేసింది. నేను దాని నోరు నొక్కాను.

డీపీఐ చివరికి. 800 మీదే ఉంచి మళ్లీ స్కేలు మీద కొలిచాం. 62 మిల్లీమీటర్లు, అంటే 787. ఉండాల్సిన దానికి ఒకటిన్నర శాతం తక్కువ. దీన్ని సరిచేయాలా? సాఫ్ట్‌వేర్‌లో మెట్టు 50, ఇంకో మెట్టు ఎక్కిస్తే 850, అసలు దానికన్నా మీదికి పోతుంది. పైగా కొత్త టెఫ్లాన్ మొదటి కొన్ని రోజుల్లో అంచులు అరిగి, బరువుకు అణిగి కొంచెం దిగుతుంది. దిగితే ఎత్తు తగ్గి లెక్క తనంతట తానే పైకి వస్తుంది. ముట్టుకోవద్దన్నాను.

ఇక్కడ అతను ఒక మంచి ప్రశ్న వేశాడు. సాఫ్ట్‌వేర్‌లో యాంగిల్ స్నాపింగ్ అని ఉంది, చెయ్యి కొంచెం వంకరపోయినా గీతను తిన్నగా చేస్తుంది, నాకు అడ్డవరుసలే ఎక్కువ కదా, అది పెట్టుకుంటే నయం కాదా అని. వినడానికి బాగుంటుంది. పెట్టి చూపించాను. అడ్డగీత నిజంగానే దారం పట్టినట్టు వచ్చింది. తర్వాత అతని డిజైన్‌లోని డైమండ్ ఒకటి గీయమన్నాను. ఇక్కత్ డైమండ్ అంటే వాలుగా మెట్లు మెట్లుగా దిగాలి, ఒక గడి పక్కకు, ఒక గడి కిందికి. తక్కువ వాలు ఉన్న చోట మౌస్ తన తెలివి చూపించి మెట్టును మింగేసింది, రెండు మూడు గళ్లు ఒకే వరుసలో పడ్డాయి. "అమ్మో, వద్దన్నా" అని తనే తీసేశాడు. తిన్నటి గీత కావాల్సినప్పుడు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో షిఫ్ట్ నొక్కి గీసుకుంటే చాలు, అవసరమైనప్పుడే పనిచేస్తుంది. గీతలో సన్నటి వణుకును నున్నగా చేసే రిపుల్ కంట్రోల్ కూడా ఆపేశాను, తక్కువ డీపీఐలో దాని అవసరం లేదు. పోలింగ్ రేటు, అంటే మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందో అది, 1000 హెర్ట్జ్‌లో ఉంటే అట్లాగే వదిలేశాను, దానికీ స్కేట్లకూ సంబంధం లేదు.

అరగంట అతనే కూర్చొని పని చేసుకున్నాడు, నేను ప్రింటర్ ఒకటి సర్దుకున్నాను. లేపాడు, పెట్టాడు, ఎడమకు లాగాడు, చివరదాకా గళ్లు నింపాడు. తెగలేదు. డబ్బులు ఎంత అంటే బిళ్లలకూ ప్యాడ్‌కూ తీసుకున్నాను, కూలి తీసుకోలేదు, మొదటిసారి తీసుకున్న యాభై తిరిగి ఇస్తే చాలాసేపు గుంజాటపడి చివరికి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత టీ తాగించింది మాత్రం అతనే.

వెళ్లేటప్పుడు స్టీలు స్కేలు ఫోటో తీసుకున్నాడు, ఎట్లా అతికించానో చూసుకోవడానికి. పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసి 61.5 వచ్చిందన్నాడు. మనసులో లెక్క వేస్తే 793. ఇంకా ఏడు తక్కువుంది కదన్నా, ఏమన్న మార్చాల్నా అని అడిగాడు. ముట్టకు అన్నాను. సరే అని పెట్టేశాడు.